వెయ్యి రూపాయల ఓబీడీ స్కానర్: పరకాల రోడ్డు మీద వాడి చూశాక

ఈ పరికరం కారును బాగుచేయదు. ఇది కొంటే మెకానిక్ అవసరమే ఉండదని ఆశపడేవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. ఇది చేసే పని ఒక్కటే. ఓబీడీ (ఆన్ బోర్డ్ డయాగ్నస్టిక్స్) అంటే కారు తన లోపాలను తానే పట్టుకునే ఏర్పాటు. అందులో కారు కంప్యూటర్ రాసుకునే సంగతులను ఇది బ్లూటూత్ ద్వారా మన ఫోన్‌లో చూపిస్తుంది. అరచేతిలో ఇమిడిపోయే నల్ల ప్లాస్టిక్ ముక్క. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని ఒక్కసారైనా చూసి ఉండరు. అందులో గుచ్చి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫోన్‌లో టార్క్ లాంటి యాప్ ఏదైనా తెరవడమే. నాది వెయ్యి రూపాయల లోపే వచ్చింది.

నేను హనుమకొండలో ఉంటాను, పరకాలలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ములుగు రోడ్డు మీద గూడెప్పాడ్ దాకా వెళ్లి, అక్కడ ఎడమకు తిరిగితే పరకాల. ఆ రోడ్డు తెలిసినవాళ్లకు ఇసుక లారీల గురించి వేరే చెప్పక్కర్లేదు. కారు పదేళ్లు దాటిన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, టీఎస్ 03 నంబరు. మా కాలేజీవాళ్లు ముగ్గురు నాతోపాటే వస్తారు. పెట్రోల్ ఖర్చు పంచుకుంటాం, సలహాలు మాత్రం ఉచితం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేను దీన్ని ఎందుకు కొన్నానో అర్థం కాదు. మావారు కాజీపేటలో లోకో పైలట్. వేల టన్నుల గూడ్సు లాగే మనిషి, కారు స్టీరింగ్ మాత్రం ముట్టుకోరు. "నేను బ్రేకేస్తే బండి కిలోమీటరు అవతల ఆగుతది, నాతోని కాదు" అంటారు. కాబట్టి సర్వీసింగ్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, పంక్చర్ అన్నీ నావే. కానీ ఏ షెడ్డుకు పోయినా మొదటి ప్రశ్న ఒకటే: "సార్ రాలేదా మేడం?"

పోయిన వానాకాలంలో కారు వణకడం మొదలైంది. రోడ్డు మీద పోతుంటే పెద్దగా తెలియదు, సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ నుంచి సీటు దాకా ఒకటే వణుకు. రెండో రోజుకు చెక్ ఇంజిన్ లైటు కూడా వెలిగింది. ఇక మొదలయ్యాయి సలహాలు. వెనక సీట్లో కూర్చునే జువాలజీ సార్ పెట్రోల్‌లో నీళ్లు కలిశాయన్నారు. తెలుగు మేడం వాళ్ల తమ్ముడి కారుకు ఇట్లాగే అయితే ప్లగ్గులు మార్చారట. మా పై ఫ్లోర్‌లో ఉండే సింగరేణి రిటైర్డ్ అంకుల్ మెట్ల మీద నుంచే విని "క్లచ్ పోయింది బిడ్డా" అని తేల్చేశారు. హైదరాబాద్‌లో ఉండే మా బావ ఫోన్‌లోనే ఫ్యూయల్ పంపు అన్నాడు. బంకులో పిల్లగాడికైతే అనుమానమే లేదు, తప్పంతా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌దే: "ఈ20 మేడం, అందరి బండ్లు గిట్లనే అయితున్నయ్."

వీళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. తర్వాత ఆలోచిస్తే తెలిసింది, ప్రతి ఒక్కరూ తమ కారుకు ఒకప్పుడు వచ్చిన జబ్బునే నా కారులో చూశారు. అంకుల్ కారుకు నిజంగానే క్లచ్ పోయింది, బావ కారుకు పంపు పోయింది. తోటి కారువాళ్ల సలహా అంటే ఎక్కువగా ఇదే. అది పనికిరాదని కాదు, కానీ మన కారును ఎవరూ చూడలేదు.

చూసిన గ్యారేజీ సంగతి ఇంకా బాగుంది. బానెట్ ఎత్తి, ఒకసారి రేస్ చేసి విని, ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, నాలుగు ప్లగ్గులు, ఫిల్టర్ అని తొమ్మిది వేల దాకా అంచనా రాసిచ్చారు. ఒక్క పరీక్ష కూడా చేయలేదు. ఎందుకు అనుకుంటున్నారు అని అడిగితే "సార్‌తోని మాట్లాడిస్తరా మేడం" అన్నారు. ఇంటికొచ్చి అదే రోజు స్కానర్ ఆర్డర్ పెట్టాను.

గుచ్చగానే వచ్చిన కోడ్ పీ0301. ఇందులో 03 అంటే ఇగ్నిషన్, మిస్‌ఫైర్ కోడ్ల వరస, ఈ మిస్‌ఫైర్ కోడ్‌లో చివరి అంకె సిలిండర్ నంబరు. అంటే ఒకటో సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండటం లేదు. ఈ ఒక్క అంకెతో సగం సలహాలు పక్కకు పోయాయి. నాలుగు సిలిండర్లకూ పోయేది ఒకే ట్యాంకులోని పెట్రోల్. నీళ్లు కలిసినా, ఈ20 పడకపోయినా, పంపు బలహీనపడినా నాలుగింటికీ బాధ ఉండాలి కదా, ఒకటో దానికే ఎందుకుంటుంది? క్లచ్ అయితే అసలు మిస్‌ఫైర్ కోడే ఇవ్వదు. మిగిలినవి ఆ సిలిండర్ సొంత సామాన్లు: నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు, దానికి కరెంటు పంపే కాయిల్, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్.

ఈ కోడ్ పట్టుకుని ఆటోనగర్‌లో ఒక చిన్న షెడ్డుకు వెళ్లాను. ఒక్క కుర్రాడు నడుపుకునే షెడ్డు. ఒకటో సిలిండర్ మీది కాయిల్ తీసి మూడో దానికి పెట్టమని, మూడో దానిది ఒకటికి పెట్టమని అడిగాను. వింతగా చూశాడు గానీ చేశాడు. పది నిమిషాల పని. కోడ్ తుడిచేసి, ములుగు రోడ్డు మీద ఒక చక్కర్ కొట్టి వచ్చి మళ్లీ చూస్తే పీ0303. జబ్బు కాయిల్‌తో పాటే మూడో సిలిండర్‌కు నడిచి వెళ్లింది. ప్లగ్గు, ఇంజెక్టర్ పాత చోటే ఉన్నాయి కాబట్టి వాటి తప్పు లేదు. ఒక్క కాయిల్ మార్చాం, కూలీతో కలిపి రెండు వేల లోపు అయింది. అప్పటిదాకా మేడం మేడం అన్న కుర్రాడు డబ్బులు తీసుకుంటూ "అక్కా, గా యాప్ పేరేంది?" అని అడిగాడు. ఇప్పుడు నా కారు అక్కడికే పోతుంది.

ఈ లైటు గురించి ఇక్కడే ఒక మాట. చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతుంటే మెల్లగా ఇంటికో షెడ్డుకో వెళ్లొచ్చు. ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం పక్కకు ఆపాలి. మిస్‌ఫైర్ బాగా ఎక్కువైందని దాని అర్థం. మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. కాయిల్‌తో పోయేది కన్వర్టర్ దాకా వస్తే ఖర్చు పదింతలు.

ఈ20 గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి చెప్తా. మైలేజీ తగ్గుతుంది, అందులో అబద్ధం లేదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉన్నదానికంటే దాదాపు మూడో వంతు తక్కువ. నూటికి 20 పాళ్లు కలిపితే, ఏమీ కలపని పెట్రోల్‌తో పోల్చినప్పుడు శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. ఇదివరకే పది శాతం కలిపింది పోయించుకుంటున్నాం కాబట్టి ఇప్పుడు కొత్తగా తగ్గేది అందులో సగం. లెక్క ఇంతే. పాత కార్లలో రబ్బరు పైపులు, వాషర్ల సంగతి వేరే, దాన్ని ఈ స్కానర్ చూపించదు. కానీ కారుకు ఏమొచ్చినా ఈ20 మీదికి తోసేయడం ఈ మధ్య మెకానిక్‌లకు సుఖంగా ఉంది.

నాకు బాగా నచ్చిన కేసు మాది కాదు, మా అపార్ట్‌మెంట్‌లో ఇంకొకరిది. ఎండాకాలం, బయట 42 డిగ్రీలు. వాళ్ల కారు పొద్దున సరిగా స్టార్ట్ కావడం లేదు, పెట్రోల్ తాగేస్తోంది. కోడ్ పీ0113 వచ్చింది, అంటే లోపలికి పోయే గాలి వేడిని కొలిచే సెన్సార్. వాళ్లు ఆ సెన్సార్ ఆర్డర్ పెట్టడానికి సిద్ధమయ్యారు. ఆగమని చెప్పి లైవ్ రీడింగ్ తెరిచాను. గాలి ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలు! మే నెల హనుమకొండలో!

ఈ సెన్సార్ లోపల ఉండేది థర్మిస్టర్. చల్లబడితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. తీగ తెగితే రెసిస్టెన్స్ అనంతం, దాన్ని కంప్యూటర్ తనకు తెలిసిన అన్నిటికంటే పెద్ద చలిగా చదువుకుంటుంది. అందుకే మైనస్ 40 అని కనిపిస్తే సెన్సార్ కంటే ముందు తీగను అనుమానించాలి. బానెట్ ఎత్తి టార్చి వేసి చూస్తే ఎలుక కొరికిన గుర్తులు, పక్కనే సగం తిన్న పల్లికాయ. పార్కింగ్ వెనక ఖాళీ జాగా ఉన్న ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఈ కథ ఉంది. తీగ అతికించి టేపు చుట్టించారు, అయిపోయింది. వాళ్లు ఇప్పుడు బానెట్ కింద పొగాకు కట్టలు వేలాడదీస్తున్నారు, పనిచేస్తోందో లేదో ఎలుకలకే తెలియాలి.

కోడ్‌లో ఒక సామాను పేరు వచ్చిందంటే ఆ సామాను మార్చమని కాదు. జ్వరం ఎంతుందో చెప్పే థర్మామీటర్ మలేరియానో టైఫాయిడో చెప్పదు కదా, ఇదీ అంతే. స్కానర్ కొన్న కొత్తలో చాలామంది కోడ్ చూసి నేరుగా స్పేర్ పార్ట్స్ షాపుకు పోతారు. అలా పోతే వెయ్యి రూపాయల పరికరం పది వేల ఖర్చు పెట్టిస్తుంది.

బ్యాటరీ ఓల్టేజీ కోసం మాత్రం నేను దీన్ని రోజూ చూస్తాను. ముందుగా దీని నిజాయితీ ఎంతో తెలుసుకుందామని కాలేజీ ల్యాబ్‌లోని మల్టీమీటర్‌తో పోల్చాను. బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర చూసినదానికంటే ఇది 0.2 ఓల్టుల దాకా తక్కువ చూపిస్తోంది. ఆ తేడా గుర్తుపెట్టుకుంటే చాలు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 దగ్గర ఉండాలి, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య. కొత్త కార్లలో కొన్నిటికి చార్జింగ్‌ను కంప్యూటరే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, వాటికి ఈ లెక్క కచ్చితంగా కుదరదు.

కామర్స్ సార్ కారు పొద్దునపూట తోసి స్టార్ట్ చేయాల్సి వచ్చేది. బ్యాటరీ షాపతను సహా అందరూ ఒకే మాట, బ్యాటరీ మార్చండి. కాలేజీ ఆవరణలో స్కానర్ పెట్టి ఇంజిన్ నడుస్తుండగా చూస్తే 12.1. హెడ్‌లైట్లు వేస్తే ఇంకా దిగుతోంది. అంటే చార్జింగే కావడం లేదు, కొత్త బ్యాటరీ పెట్టినా వారంలో అదే గతి. పరకాల ఎలక్ట్రీషియన్ బ్యాటరీని చార్జ్ చేసే డైనమో విప్పి "కార్బన్లు అరిగినయ్ సార్" అన్నాడు. కార్బన్లు మార్చాక అదే పాత బ్యాటరీతో కారు ఇప్పటికీ నడుస్తోంది.

ఇక ఇంజిన్ వేడి. నా కారుకు టెంపరేచర్ ముల్లు లేదు. చల్లగా ఉంటే నీలం దీపం, మరీ వేడెక్కితే ఎర్ర దీపం, మధ్యలో ఏం జరుగుతోందో దేవుడికి ఎరుక. ఎర్ర దీపం వెలిగేసరికి ఆలస్యమైపోతుంది. స్కానర్ ఉంటే అంకె కనిపిస్తుంది. మామూలుగా 90 దగ్గర ఆడుతుంది, 98 చేరాక ఫ్యాన్ తిరిగి మళ్లీ 92కు దింపుతుంది. మీ కారు అంకెలు కొంచెం వేరుగా ఉండొచ్చు. మొదటి వారం ఊరికే చూస్తూ ఉంటే మీ కారుకు మామూలు ఏదో తెలిసిపోతుంది. నడిపేవాళ్లు ఫోన్ చూడకూడదు. నా పక్క సీట్లో తెలుగు మేడం కూర్చుని క్రికెట్ కామెంటరీలా చదువుతుంటారు, ఇసుక లారీ వెనక చిక్కుకున్నప్పుడు మరీ ఉత్సాహంగా.

మేడారం జాతరకు పోయినప్పుడు ఇది బాగా అక్కరకొచ్చింది. ములుగు దగ్గర గట్టమ్మకు మొక్కి, కొబ్బరికాయ కొట్టి గానీ ముందుకు పోకూడదన్న ఆచారం ఇంజిన్‌కు కూడా మంచిదే, కాసేపు చల్లబడుతుంది. పస్రా దాటాక బండ్లు నత్తనడక, అంకె 104 దాటి పాకుతోంది. ఏసీ ఆపేసి, హీటర్ పూర్తిగా తిప్పి, బ్లోయర్ ఫుల్ పెట్టాను. కారులో కూర్చున్నవాళ్లు తిట్టుకున్నారు గానీ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని లోపలికి లాగేస్తుంది. అంకె మెల్లగా దిగింది. చుట్టూ బానెట్లు ఎత్తి నిలబడ్డ కార్లు చాలా ఉన్నాయి. వాటిలో కొందరు వేడి మీదే రేడియేటర్ మూత తిప్పబోతుంటే చూడలేక దిగి ఆపాల్సి వచ్చింది. ఆ మూత కింద నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి, తెరిచిన క్షణంలో మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

దీన్నే నమ్ముకోకూడని సందర్భం కూడా ఇక్కడే ఉంది. కూలంట్ మొత్తం కారిపోతే సెన్సార్ నీళ్లలో కాకుండా గాలిలో ఉంటుంది, అప్పుడు ఇంజిన్ కాలిపోతున్నా అంకె తక్కువే చూపించవచ్చు. అందుకే వారానికోసారి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలంట్ డబ్బాలో మట్టం చూడటం తప్పదు. తగ్గితే బోరు నీళ్లు పోయకండి. మన వైపు బోరు నీళ్లు కాచిన గిన్నెలో ఎంత తెల్లటి పొర కడుతుందో అందరికీ తెలుసు, రేడియేటర్ లోపలా అదే పొర కడుతుంది.

పాత కారు కొనేవాళ్లకు ఒక చిట్కా. మా తమ్ముడికి నర్సంపేటలో ఒక బేరం వస్తే స్కానర్ తీసుకుని వెళ్లాం. కోడ్లు ఏమీ లేవు, శుభ్రంగా ఉంది. కానీ యాప్‌లో రెడీనెస్ మానిటర్లు అని ఒక పేజీ ఉంటుంది, కారు తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయా లేదా చూపిస్తుంది. అందులో సగానికి పైగా పూర్తి కాలేదని ఉంది. అంటే ఈ మధ్యనే ఎవరో కోడ్లు తుడిచారు, లేదా బ్యాటరీ విప్పారు. అమ్మే ఆయన్ని అడిగితే "నిన్ననే సర్వీస్ చేయించినం తమ్మీ" అన్నాడు. కావొచ్చు. నాలుగు రోజులు నడిపాక మళ్లీ చూస్తామన్నాం, ఆయన ఒప్పుకోలేదు, మేమూ తీసుకోలేదు.

మీ కారులో కోడ్ వస్తే మీరూ తొందరపడి తుడవకండి. కోడ్ పడిన క్షణంలో వేగం ఎంత, ఇంజిన్ వేడి ఎంత అన్నవి కూడా కంప్యూటర్ దాచి ఉంచుతుంది, తుడిస్తే అవీ పోతాయి. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

లోపాలు చెప్తా. అమర్చిన చోట ఇది బయటికి పొడుచుకు వస్తుంది, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు మోకాలికి తగులుతుంది. చీరలో మరీ చిరాకు. కారు ఆపాక అలాగే వదిలేస్తే కొంచెం కొంచెంగా బ్యాటరీ తాగుతుంది. చాలావాటికి బ్లూటూత్ పిన్ 1234, అంటే పక్కనున్నవాళ్లెవరైనా కలుపుకోవచ్చు. ఈ రెండు కారణాల వల్ల పని అయ్యాక పీకేసి డాష్‌బోర్డు అరలో వేస్తాను. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ దీపాలు వెలిగితే ఈ ధరలో దొరికేవి చాలావరకు చేతులెత్తేస్తాయి. సస్పెన్షన్ చప్పుడు, బ్రేకుల కీచు, క్లచ్ అరుగుదల, టైర్ల సంగతి దీనికి పట్టవు, వాటికి చెవి తెలిసిన మెకానిక్ కావాల్సిందే.

కొనేముందు చూసుకోవాల్సినవి ఇవి. బీఎస్4 (కాలుష్య ప్రమాణం) పెట్రోల్, డీజిల్ కార్లకు ఓబీడీ2, అంటే ఓబీడీ రెండో దశ, తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకుముందువాటిలో సాకెట్ ఉన్నా కలవకపోవచ్చు, పై ఫ్లోర్ అంకుల్ కారుకు ఇది కలవనే లేదు. ఐఫోన్ వాళ్లు మామూలు బ్లూటూత్‌ది కొంటే పనిచేయదు, వైఫైతో లేదా 'బ్లూటూత్ లో-ఎనర్జీ' (బీఎల్‌ఈ) అనే రకంతో నడిచేది తీసుకోవాలి. పెట్టె మీద ఈఎల్‌ఎం327 అని ఉంటుంది. అది కెనడా కంపెనీ తయారుచేసిన చిప్ పేరు, కానీ ఈ ధరలో దొరికేవన్నీ దాదాపు నకళ్లే. పెట్టె మీద వేసే వెర్షన్ నంబర్లను పట్టించుకోకండి. తిరిగి ఇచ్చే వీలున్న చోట కొని, వచ్చిన రోజే మీ కారుకు కలుస్తుందో లేదో చూసుకోండి. యాప్‌లలో ఉచితంగా ఇచ్చేది మనకు సరిపోతుంది. సమాచారమంతా ఇంగ్లీషులోనే వస్తుంది, అదొక్కటి కొందరికి ఇబ్బంది. అయిదుకు నాలుగు ఇస్తాను, ఒకటి మోకాలి దెబ్బలకు కోత.

ఇప్పుడు నాకొక సలహా కావాలి, ఎందుకంటే ఏసీ గ్యాసు కూడా స్కానర్‌కు కనిపించదు. హైవే మీద ఏసీ చల్లగా వస్తుంది, హనుమకొండ చౌరస్తాలో ఆగితే వేడి గాలి. రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోంది, నేనే చూశాను. జువాలజీ సార్ గ్యాసు అంటున్నారు, బావ కంప్రెసర్ అంటున్నాడు, ఒక షాపులో డాష్‌బోర్డు మొత్తం విప్పి కూలింగ్ కాయిల్ మార్చాలన్నారు. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌లో దుమ్ము నిండిందేమోనని నాకు అనుమానం. హనుమకొండ, వరంగల్, కాజీపేటలో ముందుగా గేజీ పెట్టి రెండు వైపులా ఒత్తిడి కొలిచి, ఆ తర్వాతే రేటు చెప్పే ఏసీ మెకానిక్ ఎవరైనా మీకు తెలిస్తే చెప్పండి. సార్ రాలేదా అని అడగనివాడైతే ఇంకా మంచిది.